ఓఓ జూబిలీని 45585 ‘హైదరాబాద్’గా మార్చడం: ప్లేట్లు, ట్రాన్స్‌ఫర్ల గురించి వివరంగా

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుందాం. బ్రిటిష్ రైల్వేస్ ఆకుపచ్చ రంగులో ఉన్న ఓఓ స్కేలు (అసలు అడుగుకు 4 మి.మీ. చొప్పున చేసే రైలు నమూనాల కొలత) జూబిలీ తరగతి స్టీమ్ ఇంజను నమూనా మీ దగ్గర ఉంది. ఫ్యాక్టరీలో దాని మీద ముద్రించిన పేరునూ నంబరునూ తీసేసి, 45585 ‘హైదరాబాద్’గా మార్చాలని ఎచింగ్ చేసిన (రసాయనంతో చెక్కిన) ఇత్తడి ప్లేట్లు, ట్రాన్స్‌ఫర్ల (నమూనా మీద అతికించే పలుచని అంకెలు, గుర్తుల) షీటు తెప్పించుకున్నారు. రంగు పాడవకుండా పాత అంకెలు తీయడం ఎలా, ట్రాన్స్‌ఫర్ చుట్టూ ఉండే పొర కనబడకుండా అతికించడం ఎలా, ప్లేట్లకు ఏ జిగురు వాడాలి అన్నవి మీరు అడిగినవి. మూడింటికీ సమాధానం చెబుతాను. అయితే మీరు అడగనిది ఒకటుంది, నా దృష్టిలో మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి: మీ నమూనా ఏ సంవత్సరపు ఇంజను?

బ్రిటన్‌లోని ఎల్‌ఎంఎస్ (లండన్, మిడ్‌ల్యాండ్ అండ్ స్కాటిష్) రైల్వే 1934 నుంచి 1936 వరకు 191 జూబిలీ ఇంజన్లను తయారు చేయించింది. వాటిలో చాలా వాటికి అప్పటి బ్రిటిష్ సామ్రాజ్యంలోని దేశాల, రాష్ట్రాల, సంస్థానాల పేర్లు పెట్టారు. 5574 ‘ఇండియా’తో మొదలై మన దేశపు పేర్లు వరుసగా వస్తాయి, 5575 ‘మద్రాస్’, 5585 ‘హైదరాబాద్’, 5586 ‘మైసూర్’, 5593 ‘కోల్హాపూర్’ ఆ వరుసలోవే. అప్పట్లో తెలుగు నేల చాలా వరకు మద్రాసు రాష్ట్రానికీ నిజాం సంస్థానానికీ మధ్య పంచుకుని ఉండేది కాబట్టి, తెలుగువాళ్లు తమవని చెప్పుకోదగిన జూబిలీలు రెండున్నాయి. 1948లో రైల్వేలను జాతీయం చేసినప్పుడు ఎల్‌ఎంఎస్ ఇంజన్ల నంబర్లకు 40000 కలిపారు, అలా 5585 కాస్తా 45585 అయింది. ఈ ఇంజను ఇప్పుడు లేదు. కానీ 5557 నుంచి 5606 వరకు ఉన్న ఇంజన్లన్నీ గ్లాస్గోలోని నార్త్ బ్రిటిష్ లోకోమోటివ్ కంపెనీ తయారుచేసినవే, ఆ బృందంలోని 45593 ‘కోల్హాపూర్’ బర్మింగ్‌హామ్‌లోని టైస్లీలో భద్రంగా ఉంది. నేమ్‌ప్లేటు ఎంత ఎత్తులో కూర్చుంటుంది, స్మోక్‌బాక్స్ (ఇంజను ముందు భాగంలోని పొగ పెట్టె) తలుపు మీద నంబరు ప్లేటుకూ షెడ్ ప్లేటుకూ (ఇంజను ఏ షెడ్డుకు చెందినదో తెలిపే పలక) మధ్య దూరం ఎంత అన్నవి చూసుకోవడానికి దాని ఫోటోలే మీకు ఆధారం. ‘హైదరాబాద్’ పాత ఫోటోలలో మసకగా ఉన్న భాగాలను ‘కోల్హాపూర్’ ఫోటోలతో పోల్చి చూడండి. ఒక్క రంగుల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం, ఎందుకంటే భద్రపరిచిన ఇంజను ఇప్పుడున్న రూపం సర్వీసులో ఉన్న రోజుల రూపం కానక్కరలేదు.

ఇక సంవత్సరం సంగతి. ఇంజను మీద ఉన్న ప్రతి గుర్తుకూ ఒక కాలం ఉంది. క్యాబ్ పక్కన నంబరుకు పైన చిన్న అక్షరాలతో ఉండే శక్తి వర్గం జూబిలీలకు మొదట 5ఎక్స్‌పీ, 1951లో అది 6పీ అయింది, 1955లో 6పీ5ఎఫ్ అయింది. టెండర్ (ఇంజను వెనుక బొగ్గూ నీళ్లూ మోసే బండి) మీద 1948లో ‘బ్రిటిష్ రైల్వేస్’ అని పూర్తి అక్షరాలు రాసేవారు. 1949లో చక్రం మీద నిలబడిన సింహం చిహ్నం వచ్చింది. 1956లో దాని స్థానంలో కిరీటంలోంచి పైకి లేచి చక్రాన్ని పట్టుకున్న సింహం వచ్చింది. స్మోక్‌బాక్స్ తలుపు కింది భాగాన ఉండే కోడిగుడ్డు ఆకారపు షెడ్ ప్లేటు పాత ఎల్‌ఎంఎస్ పద్ధతి, దాన్ని 1950లో దేశమంతటికీ విస్తరించారు. షెడ్ కోడ్‌లు కూడా ఎప్పుడూ ఒకేలా లేవు. జూబిలీలకు పేరుపడ్డ లీడ్స్ హోల్‌బెక్ షెడ్ కోడ్ 1957 దాకా 20ఏ, ఆ తర్వాత 55ఏ. కొత్త చిహ్నం ప్రకటించిన మర్నాడే ఇంజన్లన్నింటి మీదకూ అది ఎక్కలేదు. వర్క్‌షాపుకు వెళ్లి మళ్లీ రంగు వేయించుకున్నప్పుడే మారింది. అందువల్ల 1958లో పాత సింహంతో తిరుగుతున్న ఇంజను ఫోటో కనబడితే ఆశ్చర్యపోనక్కరలేదు. 1953లో కొత్త సింహం ఉండటం మాత్రం అసాధ్యం. తేదీ రాసి ఉన్న ఫోటో ఒకటి ఎంచుకుని, ఆ రోజున ఆ ఇంజను మీద ఏమేం ఉన్నాయో అవే అతికించండి. ఎంత నాజూకుగా పనిచేసినా, 1951 నాటి శక్తి వర్గం పక్కన 1956 నాటి చిహ్నం కొత్త రంగుతో మెరుస్తుంటే తెలిసినవాళ్ల చూపు అక్కడే ఆగిపోతుంది.

కొత్త సింహం విషయంలో ఇంకో చిక్కు ఉంది, చాలామంది గమనించరు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఇంజనుకు రెండు వైపులా సింహం ముందుకే చూడాలన్న ఉద్దేశంతో 1956 చిహ్నాన్ని మొదట్లో రెండు రకాలుగా ముద్రించారు, ఒక రకంలో సింహం మనకు ఎడమకు, రెండో రకంలో కుడికి తిరిగి ఉండేది. రాజచిహ్నాలను నియంత్రించే కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ మంజూరు చేసింది ఎడమకు చూసే సింహాన్ని మాత్రమే. అభ్యంతరం రావడంతో రెండో రకాన్ని ఆపేసి, తర్వాత రంగు వేసినప్పుడల్లా రెండు వైపులా ఎడమకు చూసే సింహాన్నే వేశారు. ఫలితంగా ఆ తర్వాతి ఇంజన్ల కుడి వైపున సింహం వెనక్కి చూస్తుంది. ట్రాన్స్‌ఫర్ల షీటులో సాధారణంగా రెండు రకాలూ ఇస్తారు. మీ నమూనా కుడి వైపున ఏది వేయాలో ఫోటోయే చెబుతుంది. 1960ల ఇంజను చేస్తున్నట్లయితే వెనక్కి చూసే సింహమే దాదాపు ఎప్పుడూ సరైనది, చూడటానికి తప్పుగా అనిపించినా సరే.

అలాగే 1960 ప్రాంతం నుంచి ఇంజన్ల మీద విద్యుత్ తీగల గురించి హెచ్చరించే ఎర్ర మెరుపు గుర్తు పలకలు కనిపిస్తాయి. క్యాబ్ పక్కన పసుపు ఏటవాలు గీత, అంటే ఇంగ్లండ్‌లోని క్రూ పట్టణానికి దక్షిణాన తీగల కింద ఈ ఇంజను నడవకూడదన్న గుర్తు, 1964 సెప్టెంబరు 1 నుంచి వచ్చిన నిషేధానికి సంబంధించినది. మీ షీటులో ఈ గీతలు ఉన్నాయని వాడకండి. 1950ల ఇంజనుకు ఈ రెండూ వర్తించవు.

సంవత్సరం తేలాక పాత అంకెలు తీసే పనికి రండి. ఫ్యాక్టరీ అంకెలు రంగు మీద పలుచగా ముద్రించినవి, కాబట్టి కింది ఆకుపచ్చను తాకకుండా వాటిని తీయడం సాధ్యమే. నేను ఎక్కువగా నమ్మేది ఎనామిల్ థిన్నర్‌ను. టూత్‌పిక్ కొనను ఉలి ఆకారంలో చెక్కి, థిన్నర్‌లో ముంచి, చుక్క కారకుండా తుడిచి, ఒక్కో అంకె మీద చిన్నగా, ఒత్తిడి పెట్టకుండా రుద్దాలి. అంకె మెత్తబడి కదలడం మొదలైన వెంటనే ఆపి, శుభ్రమైన ఇయర్ బడ్‌తో తుడిచేసి మళ్లీ మొదలుపెట్టాలి. ఇది ఓపికతో చేయాల్సిన పని. ముందుగా టెండర్ అడుగున కనబడని చోట పరీక్షించి చూడండి, ఎందుకంటే ఒక్కో తయారీదారు రంగు ఒక్కో రకంగా స్పందిస్తుంది. కార్లకు వాడే రబ్బింగ్ కాంపౌండ్ కూడా పనిచేస్తుంది, కానీ అది అరగదీసి తీస్తుంది కాబట్టి అంకెల పక్కనున్న నారింజ, నలుపు గీతలను మాస్కింగ్ టేపుతో ముందే కప్పాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ జోలికి మాత్రం వెళ్లకండి, కొన్ని రంగులను అది చూస్తుండగానే ఊడదీస్తుంది. అంకెలు పోయాక ఆ చోట కాస్త మెరుపు మిగులుతుంది. దాని గురించి బెంగ అక్కరలేదు, చివర్లో వేసే వార్నిష్‌తో అది కలిసిపోతుంది.

చివరి రెండు అంకెలే మారుస్తే సరిపోదా అని మీరు రాశారు. నా సలహా ఐదూ తీసేయమనే. ముద్రించిన అంకెల క్రీమ్ రంగూ ట్రాన్స్‌ఫర్ల క్రీమ్ రంగూ బల్బు వెలుతురులో ఒకటిగా కనిపించినా, పగటి వెలుతురులో తేడా బయటపడుతుంది. అంకెల మధ్య ఎడం కూడా సరిపోలదు. షీటు సరిపోతుందో లేదో ముందే లెక్క చూసుకోండి: 45585లో ఒక్కో వైపుకు మూడు 5లు కావాలి, రెండు వైపులకు ఆరు. అన్ని అంకెలూ సమానంగా ఇచ్చే షీట్లలో జూబిలీలు చేసేవాళ్లకు ముందు అయిపోయేది 5 అంకే. ఎత్తు కూడా చూసుకోవాలి. అసలు ఇంజను క్యాబ్ మీద అంకెలు సాధారణంగా 8 అంగుళాలవి, అడుగుకు 4 మి.మీ. చొప్పున ఓఓలో అది సుమారు 2.7 మి.మీ. అవుతుంది. కొన్ని వర్క్‌షాపులు 10 అంగుళాలవి వేశాయి, అవి 3.3 మి.మీ. వస్తాయి. సగం మిల్లీమీటరు పైచిలుకు తేడా చెప్పుకోవడానికి చిన్నదే, కానీ క్యాబ్ కిటికీ కింద చూస్తే చాలా పెద్దది.

ట్రాన్స్‌ఫర్లలో ప్రధానంగా మూడు రకాలు వాడుకలో ఉన్నాయి. నీళ్లలో నానబెట్టి కాగితం మీంచి జార్చేవి మొదటి రకం, మీ షీటు అదేనని మీరు పంపిన ఫోటో చూస్తే తెలుస్తోంది. బ్రిటన్‌లోని హిస్టారికల్ మోడల్ రైల్వే సొసైటీ తెచ్చిన ప్రెస్‌ఫిక్స్ రెండోది. దాని అడుగున సహజంగానే కొద్దిగా జిగురు ఉంటుంది, సరైన చోట ఉంచి నొక్కి, పైకాగితాన్ని తడిపి తీసేయాలి. అదే సొసైటీవారి మెథ్‌ఫిక్స్ మూడోది. దీనికి జిగురు ఉండదు, మెథిలేటెడ్ స్పిరిట్‌లో కొంచెం నీళ్లు కలిపి తడిపితేనే అంటుకుంటుంది. మూడింటిలో మెథ్‌ఫిక్స్ అత్యంత పలుచగా కూర్చుంటుంది, అంకె చుట్టూ పొర అసలు కనబడదు, అందుకే అందంలో దానికే నా ఓటు. ఫర్నిచర్ పాలిష్‌కు రంగుల దుకాణంలో అమ్మే స్పిరిట్ దీనికి పనికొస్తుంది. కానీ మీరు ఆక్రిలిక్ రంగు వేసి ఉంటే ఆ స్పిరిట్ రంగును మెత్తబరుస్తుంది, అప్పుడు దాన్ని వాడకూడదు.

నీళ్లతో జార్చే రకంలో అందరినీ బాధపెట్టేది అంకె చుట్టూ వెండిలా మెరిసే పొర. దానికి కారణం ట్రాన్స్‌ఫర్ కాదు, దాని కింద చిక్కుకున్న గాలి. మ్యాట్ (మెరుపు లేని) రంగు ఉపరితలం సూక్ష్మంగా గరుకుగా ఉంటుంది. ఆ గుంటల మీద పొర గుడారంలా పరుచుకుంటే కింద గాలి మిగిలిపోతుంది, వెలుతురు అక్కడ పరావర్తనం చెందుతుంది. అందుకే అతికించే చోట ముందుగా గ్లాసీ (ఆరాక మెరిసే) వార్నిష్ పలుచగా వేసి, కనీసం ఒక రోజంతా ఆరనివ్వాలి. ఆ తర్వాత ఒక్కో అంకెను పొర అంచుకు వీలైనంత దగ్గరగా కొత్త బ్లేడుతో కోయండి. నానబెట్టడానికి బోరు నీళ్లు వద్దు. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో బోరు నీళ్లు గట్టివి కావడంతో ఆరాక తెల్లటి మరకలు వదులుతాయి, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక సీసా కొంటే ఎంతో కాలం వస్తుంది. అతికించే చోట మైక్రో సెట్ (ట్రాన్స్‌ఫర్ బాగా అంటుకోవడానికి వాడే ద్రవం) ఒక చుక్క వేసి, కాగితం మీంచి అంకెను తడి బ్రష్‌తో జార్చి సర్దాలి. వరుస సరిగ్గా రావడానికి, అంకెల అడుగు ఎక్కడ రావాలో అక్కడ సన్నని మాస్కింగ్ టేపు ఒకటి అంటించండి. ముందుగా మధ్య అంకెను, అంటే 45585లో నడిమి 5ను, క్యాబ్ మధ్యలో పెట్టి, ఆ తర్వాత ఇరువైపులకు వెళ్లండి. ఎడమ నుంచి మొదలుపెడితే చివరి అంకె దగ్గరికి వచ్చేసరికి నంబరంతా ఒక పక్కకు జరిగిపోతుంది.

అంకెలన్నీ కుదిరాక నీటిని ఇయర్ బడ్ కొనతో పీల్చేసి, అప్పుడు మైక్రో సోల్ పూయండి. ఇది పొరను మెత్తబరిచి రంగు మీద ఒదిగేలా చేస్తుంది. పూసిన కాసేపటికి అంకె ముడతలు పడుతుంది. చాలామంది ఈ దశలో కంగారుపడి వేలితో నొక్కుతారు, అలా చేస్తే అంకె చిరిగిపోతుంది. ముట్టుకోకుండా వదిలేస్తే ఆరుతూ తనంతట తానే చదునవుతుంది. ఎక్కడైనా వెండి మచ్చ మిగిలితే, సన్నని సూదితో అక్కడ ఒకటి రెండు చిల్లులు పొడిచి మరోసారి మైక్రో సోల్ వేయండి. షీటు పాతదైతే ముందు పనికిరాని ఒక గుర్తును నీళ్లలో వేసి చూడండి. మన ఎండలకు ట్రాన్స్‌ఫర్ల పొర ఎండి పెళుసుబారుతుంది, నీళ్లలో ముక్కలవుతుంది. అలా అయితే షీటు మొత్తం మీద క్లియర్ వార్నిష్ ఒక పలుచని పూత వేసి, ఆరాక వాడుకోవచ్చు.

ఇప్పుడు ప్లేట్లు. ఎచింగ్ ఫ్రేమ్‌లోంచి ప్లేటును విడదీసేటప్పుడు మెత్తటి కటింగ్ మ్యాట్ వాడకండి, బ్లేడు ఒత్తిడికి ప్లేటు వంగిపోతుంది. గచ్చుకు వేసే టైలు ముక్క మీదో దళసరి అద్దం మీదో పెట్టి కోయండి. మిగిలిపోయిన చిన్న ముళ్లను సన్నని ఆకురాయితో, ప్లేటు పొడవు వెంట ఒకే దిశలో అరగదీయాలి. అడ్డంగా రాస్తే అంచు వంకర పోతుంది. కోసిన చోట కొత్త ఇత్తడి మెరుస్తుంది, ఆ పక్క అంచులకు నల్ల రంగు తాకించకపోతే ప్లేటు దళసరిగా, అతికించిన వస్తువులా కనిపిస్తుంది. నాకు తెలిసి నమూనాల మీద ప్లేట్లు నకిలీగా కనబడటానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఈ రంగు పడని అంచే.

మీ నేమ్‌ప్లేటు నేపథ్యం ముందే రంగు వేసి వచ్చిందా, ఉత్త ఇత్తడా అన్నది మీరు రాయలేదు. ఉత్త ఇత్తడైతే నేపథ్యం రంగును అక్షరాల మీదుగా మొత్తం పారేలా పూసి, పూర్తిగా గట్టిపడ్డాక, రెండు వేల నంబరు వాటర్ పేపర్‌ను చదునైన చెక్కకు చుట్టి తేలిగ్గా రుద్దండి. ఎత్తుగా ఉన్న అక్షరాల మీది రంగు పోయి ఇత్తడి బయటపడుతుంది, పల్లంలో రంగు మిగులుతుంది. నేపథ్యం నలుపా ఎరుపా అని కొట్లాడుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. రెండూ నిజంగానే ఉండేవి, ఒకే ఇంజను ఒక కాలంలో ఒకటి, మరో కాలంలో మరొకటి వేసుకున్న సందర్భాలున్నాయి. నలుపు తెలుపు ఫోటోలో ఎరుపును పోల్చడం కష్టం కాబట్టి, స్పష్టమైన ఆధారం దొరకనప్పుడు నేను నలుపునే ఎంచుకుంటాను.

జూబిలీ నేమ్‌ప్లేటు చక్రం పైనున్న స్ప్లాషర్ వంపును అనుసరించే విల్లు ఆకారపు పలక. ఎచింగ్‌లోనే ఆ వంపు వస్తుంది కాబట్టి దాన్ని ఏ కడ్డీకీ చుట్టి వంచాల్సిన పని లేదు. అతికించే ముందు, ఫ్యాక్టరీ ప్లేటు మీద పెట్టి అది పూర్తిగా కప్పబడుతోందో లేదో చూడండి. ఫ్యాక్టరీ ప్లేటు ముద్రణ మాత్రమే అయితే నేరుగా దాని మీదే అతికించవచ్చు. ఉబ్బెత్తుగా పోతపోసినదైతే మాత్రం దాన్ని ఉలి బ్లేడుతో కొద్దికొద్దిగా చెక్కి చదును చేయాలి, లేకపోతే రెండు ప్లేట్ల మందం కలిసి చక్రం మీద గోడ లేచినట్టుంటుంది.

జిగురు గురించి గట్టిగానే చెబుతాను: ఫెవిక్విక్ లాంటి సూపర్‌గ్లూలు వద్దు. అవి ఆరేటప్పుడు వెలువడే ఆవిరి చుట్టుపక్కల రంగు మీద తెల్లని పొగలా పేరుకుంటుంది, గాలిలో తేమ ఉన్న రోజుల్లో మరీ ఎక్కువ. పైగా ప్లేటు ఒకసారి తాకితే ఇక కదలదు, సర్దుకునే అవకాశమే ఇవ్వదు. స్మోక్‌బాక్స్ నంబరు ప్లేటుకూ షెడ్ ప్లేటుకూ గ్లాసీ వార్నిష్ చుక్కే జిగురుగా సరిపోతుంది, సర్దుకోవడానికి వ్యవధి ఉంటుంది, పక్కకు కారినా పారదర్శకంగా ఆరిపోతుంది. నేమ్‌ప్లేటుకు అతుక్కునే చోటు తక్కువ కాబట్టి, దానికి నిదానంగా గట్టిపడే ఎపాక్సీని సూది మొనతో రెండు మూడు చోట్ల అంటించండి. ఇంత చిన్న ప్లేట్లను ట్వీజర్‌తో పట్టుకుంటే ఎగిరిపోతాయి, తడి చేసిన టూత్‌పిక్ కొనకు అంటించి ఎత్తడం మేలు. స్మోక్‌బాక్స్ ప్లేటు అంకెలకు పచ్చి తెలుపు వాడకుండా కాస్త బూడిద కలపండి. పొగా మసీ మధ్య పనిచేసే ఇంజను ముఖం మీద పచ్చి తెలుపు నిలవదు.

పనుల వరుస కూడా ముఖ్యమే. ముందు ట్రాన్స్‌ఫర్లు, అవి రెండు రోజులు ఆరాక తడి ఇయర్ బడ్‌తో జిగురు మరకలు తుడవడం, ఆ తర్వాత సాటిన్ (కొద్దిపాటి మెరుపుండే) వార్నిష్, చిట్టచివర ప్లేట్లు. ప్లేట్లు ముందే పెట్టి వార్నిష్ కొడితే ఇత్తడి మెరుపు చచ్చిపోతుంది. క్యాబ్ కిటికీలను, చక్రాలను, కదిలే కడ్డీలను టేపుతో కప్పి, ఒకేసారి దళసరిగా కాకుండా పలుచగా రెండు మూడు పూతలు వేయండి. వానాకాలంలో, ముఖ్యంగా ముసురు పట్టిన రోజున స్ప్రే వార్నిష్ జోలికి వెళ్లవద్దు. తేమకు అది తెల్లగా మబ్బుపడుతుంది, అప్పటిదాకా చేసిన పనంతా దాని కింద ఉండిపోతుంది. ఎండ కాసే పొడి రోజు దొరికేదాకా ఆగండి.

టెండర్ సంగతి ఒకటి మిగిలింది. జూబిలీలకు స్టానియర్ 4,000 గ్యాలన్ల టెండర్లతో పాటు పాత ఫౌలర్ 3,500 గ్యాలన్ల టెండర్లు (స్టానియర్, ఫౌలర్ ఇద్దరూ ఎల్‌ఎంఎస్ ప్రధాన ఇంజనీర్లు) కూడా తగిలించేవారు, మధ్యలో ఒకదాని టెండర్ మరొకదానికి మార్చేవారు కూడా. రెండింటి పక్క గోడల ఆకారం వేరు, అందువల్ల సింహం ఎంత ఎత్తులో కూర్చోవాలన్నదీ వేరు. మీరు ఎంచుకున్న ఫోటోలోని టెండర్, మీ నమూనా టెండర్ ఒకే రకమని చూసుకున్న తర్వాతే చిహ్నాన్ని నీళ్లలో వేయండి. ఒకే రకం కాకపోతే అదే ఇంజనుకు మరో తేదీ ఫోటో వెతకండి. అదీ దొరక్కపోతే, షీటులో 5లూ 7లూ సరిపడా ఉన్నాయనుకుంటే, 45575 ‘మద్రాస్’ ఫోటోలు కూడా చూడండి. దానికి నేమ్‌ప్లేట్లూ స్మోక్‌బాక్స్ ప్లేటూ వేరుగా తెప్పించుకోవాలి, మిగతా పనంతా ఇదే.